సత్వర న్యాయం – తక్షణ న్యాయం

ఢిల్లీ నగరానికి దక్షిణాన, పాత జె.ఎన్.యూ. ప్రాంగణానికి ఎదురుగా బేర్ సరాయ్ అనే పల్లె ఉన్నది. పల్లె అన్నది పేరుకే. 'బేర్' అంటే రేగుపండు, 'సరాయ్' అంటే బాటసారుల సత్రం. నేటికీ అది సత్రమే. బాటసారులు మాత్రం పోటీ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు. ఇరుకు సందులు, ఒకదానిపై ఒకటిగా లేచిన గదులు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు నోట్సు, వాటి నడుమ అప్పుడప్పుడు చెవిన పడే తెలుగు మాట. మా అమ్మాయి రెండేళ్ళపాటు అక్కడ ఒక గదిలో ఉండి సివిల్ సర్వీసు పరీక్షలకు చదివింది. ఆఫీసు పనిమీద ఢిల్లీ వెళ్ళినప్పుడల్లా నేను అక్కడికి పోయి, ఆమె స్నేహబృందపు చర్చలు వింటూ కూర్చునేవాణ్ణి.

వారి పుస్తకాలలో రాజ్యాంగం ఎంతో తేటగా కనిపిస్తుంది. శాసనసభలు చట్టం చేస్తాయి; కార్యనిర్వాహక శాఖ అమలు జరుపుతుంది; న్యాయస్థానం తీర్పు చెబుతుంది. 50వ అధికరణం న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరుగా ఉంచమంటుంది. 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో సత్వర విచారణ కూడా భాగమేనని 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. ఇంతవరకు వ్రాస్తే మార్కులు వస్తాయి. కాని ఆ గదికి నడిచిపోగల దూరంలోనే మునిర్కా బస్‌స్టాపు ఉన్నది. ఈ పాఠాలన్నిటికీ అసలు పరీక్ష అక్కడ జరిగింది.

2012 డిసెంబరు 16 రాత్రి సినిమా చూసి ఇంటికి పోతున్న 23 ఏళ్ళ ఫిజియోథెరపీ విద్యార్థిని తన మిత్రునితో కలిసి బస్సెక్కినది అక్కడే. ఆ బస్సులో జరిగిన ఘోరాన్ని తిరిగి వర్ణించవలసిన పనిలేదు. ఆమె డిసెంబరు 29న సింగపూరులో కన్నుమూసింది. దేశం కదిలింది; మూడు శాఖలూ కదిలాయి. జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘం నెలరోజుల్లో నివేదిక ఇచ్చింది. పార్లమెంటు 2013లో నేరచట్టాలను సవరించింది. ఆ సంవత్సరపు బడ్జెట్టులో ప్రభుత్వం వెయ్యి కోట్ల రూపాయలతో నిర్భయ నిధి నెలకొల్పింది. పోలీసులు జనవరి 3 నాటికే అభియోగపత్రం దాఖలు చేశారు. సాకేత్‌లోని ప్రత్యేక న్యాయస్థానం సెప్టెంబరు 13న శిక్ష విధించింది. 2014 మార్చి 13న హైకోర్టు దానిని ధ్రువపరచింది.

ఇంజనీరుగా నాకు ప్రతి పనినీ దశలుగా విడదీసి చూడటం అలవాటు. ఇంతవరకు పట్టినది పదిహేను నెలలు మాత్రమే. శిక్ష అమలయినది 2020 మార్చి 20 తెల్లవారుజామున. అంటే మిగిలిన ఆరేళ్ళు ఎక్కడికి పోయాయి? సుప్రీంకోర్టు తీర్పు 2017 మే 5న వచ్చింది. అందుకు మూడేళ్ళు పైబడింది. ముగ్గురు దోషుల పునర్విచారణ పిటిషన్లను 2018 జూలైలో కొట్టివేశారు. నాలుగవ వ్యక్తి తన పిటిషన్ వేసినది 2019 డిసెంబరులో. ఆ నడుమ పదిహేడు నెలలు చెప్పుకోదగిన కదలిక లేదు.

మన ప్లాంట్లలో గొట్టం వేశాక నీటి ఒత్తిడితో పరీక్షించకుండా లైనును వినియోగానికి అప్పగించము. ఆ పరీక్షను ఎవరూ జాప్యం అనరు. పరీక్షకు ముందు గొట్టం నెలల తరబడి యార్డులో పడి ఉండటమే జాప్యం. మరణశిక్షను హైకోర్టు ధ్రువపరచడం, పైకోర్టులో అప్పీలు, పునర్విచారణ, క్షమాభిక్ష – ఇవన్నీ పరీక్షలు. వాటిని తీసివేయకూడదు. వాటి మధ్య ఖాళీలను తీసివేయాలి.

ఈ తేడా గ్రహించకపోతే ఏమవుతుందో 2019లో మన హైదరాబాదు చూపింది. నవంబరు 27 రాత్రి శంషాబాద్ సమీపాన ఒక యువ పశువైద్యురాలు అటువంటి ఘోరానికే బలయింది. డిసెంబరు 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి వద్ద, నిందితులు నలుగురూ పోలీసు కాల్పులలో మరణించారు. జనం పోలీసులపై పూలు చల్లారు. ఆ సాయంకాలం నేను బేర్ సరాయ్‌లోనే ఉన్నాను. మా అమ్మాయి స్నేహితుడొకడు మిఠాయి పొట్లం తెచ్చాడు. "అంకుల్, ఇక్కడ ఏడేళ్ళయినా తెమల్లేదు, అక్కడ పదిరోజుల్లో తేలిపోయింది" అన్నాడు. అతని కోపంలో అబద్ధం లేదు. మా అమ్మాయి మాత్రం మిఠాయి ముట్టలేదు. "వాళ్ళే దోషులని ఎవరు తేల్చారు నాన్నా?" అని అడిగింది. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ ప్రశ్ననే సుప్రీంకోర్టు కూడా వేసింది. జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన నియమించిన కమిషన్, ఉద్దేశపూర్వకంగా చంపడానికే కాల్పులు జరిపారని అభిప్రాయపడింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా పేర్కొన్నది. ఆ నివేదిక 2022 మేలో బయటపడింది. తదుపరి చర్యల బాధ్యత తెలంగాణ హైకోర్టుకు అప్పగించబడింది. ఇక ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులోనే, ఇటువంటి కేసులలో 21 పనిదినాలలో తీర్పు రావాలని దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి అంగీకారం లభించలేదు. గడువు వ్రాసినంత మాత్రాన పని పూర్తికాదని ప్రాజెక్టుల్లో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. మనుషులు, పనిముట్లు, నిధులు ఉండాలి.

ఆ లెక్క చూద్దాం. పదిలక్షల జనాభాకు పదిన్నర మంది న్యాయమూర్తులే ఉన్నారని, 50 మంది కావాలని 1987లో లా కమిషన్ చెప్పింది. 2021 నాటికి, మంజూరైన పదవుల లెక్కన కూడా, ఆ సంఖ్య 21. క్రింది కోర్టులలో పెండింగు కేసులు నాలుగు కోట్లు దాటాయి. ఈ జాప్యం ఎక్కువగా నలిపేది పేదవారిని. 2022 లెక్కల ప్రకారం మన జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. హుస్సేనారా కేసు నాటి బీహారు ఖైదీలలో కొందరు, నేరం రుజువైతే పడే శిక్షకన్న ఎక్కువ కాలమే చెరలో ఉన్నారు. జాప్యం బాధితులకు ఎంత అన్యాయమో, నిర్దోషికీ అంతే అన్యాయం.

ఈ బారులో మనవంటి సంస్థలు కూడా నిలబడి ఉన్నాయి. దేశంలో అతిపెద్ద కక్షిదారు ప్రభుత్వమే. ప్రభుత్వ సంస్థలు, ప్రభుత్వ శాఖలు తమ తగాదాలను ఉన్నతస్థాయి సంఘం అనుమతి లేకుండా కోర్టుకు తేరాదని 1991లో ఓ.ఎన్.జి.సి. కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాలక్రమేణ ఆ అనుమతే మరొక జాప్యానికి కారణమై, 2011లో మన హైదరాబాదు ఈ.సి.ఐ.ఎల్. కేసులో ఆ ఆదేశాలను ఉపసంహరించుకొన్నది. బల్లమీద తేల్చదగిన బిల్లును ఆడిట్ భయంతో అప్పీలుకు పంపిన ప్రతిసారీ, ఎక్కడో ఒక తల్లి కేసు మరొక వాయిదా వెనక్కి జరుగుతుంది. సంతకం పెట్టే ముందు మనం ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది.

న్యాయమూర్తుల ఖాళీలు నింపవలసినది, కోర్టు భవనాలకు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలకు నిధులు ఇవ్వవలసినది ఒక్క న్యాయశాఖ కాదు. మూడు శాఖలూ వేరువేరుగా ఉండాలన్నది ఒకరినొకరు సరిదిద్దుకోవడానికే గాని, ఒకరి పని చూసి మరొకరు చేతులు కట్టుకోవడానికి కాదు. సత్వర న్యాయం మన హక్కు. దానిని అడగడం మానేసిననాడే తక్షణ న్యాయానికి పూలు చల్లడం మొదలవుతుంది.