ఆ ఊరికి ఒక్కటే దారి!

సూట్‌కేసులు సర్దేశారు. పులిహోర కలిపేశారు. కారుకి పెట్రోలు పట్టించేశారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బయల్దేరడమే తరువాయి. సరిగ్గా అప్పుడే టీవీలో కనిపించింది, గరాటా ఆకారంలో ఉన్న ఆ తెల్లటి బొమ్మ! దాని సన్నటి మొన అట్లాంటిక్ సముద్రం మధ్యలో ఎక్కడో ఉంది. వెడల్పాటి మూతి మాత్రం వాళ్లు వెళ్లాల్సిన ఊరిని కప్పేసింది. వెళ్లడమా, మానడమా?

2017 సెప్టెంబరు 4, సోమవారం. అమెరికాలో లేబర్ డే సెలవు. అట్లాంటా శివార్లలోని ఓ తెలుగు ఇల్లు. కొడుకు, కోడలు, నాలుగేళ్ల మనవరాలు, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పెద్దాయన ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఎక్కడ వంతెన కనిపించినా కారు ఆపించి స్తంభాలు లెక్కపెట్టే రకం. సముద్రం మీద 11 కిలోమీటర్ల వంతెన ఉందని కొడుకు చెప్పినప్పటి నుంచీ ఆయనకి నిద్రలేదు. ఈ నెల 17న తిరుగు ప్రయాణం. లాంగ్ వీకెండ్ అయిపోతే హోటళ్ల రేట్లు తగ్గుతాయని కొడుకు మంగళవారానికి ప్లాన్ వేశాడు. ‘‘మంగళవారం పూట ప్రయాణమేమిట్రా’’ అని పెద్దావిడ ముందే గొణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

తుపాను పేరు ఇర్మా. ఆ సాయంత్రానికి నాలుగో కేటగిరీకి చేరింది. అయినా అదింకా దాదాపు 3 వేల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వాళ్లు వెళ్లాల్సిన చోట మాత్రం ఎండ కాస్తోంది!

సముద్రం మీద రోడ్డు

ఆ చోటు పేరు ఫ్లోరిడా కీస్. ‘కీ’ అంటే ఇక్కడ తాళంచెవి కాదు. చిన్న దీవి అని అర్థమొచ్చే స్పానిష్ మాట ‘కాయో’ నుంచి వచ్చింది. ఫ్లోరిడా నేల అయిపోయిన దగ్గర మొదలై, తెగిన దండలోంచి జారిన పూసల్లా నైరుతి దిక్కుగా పరుచుకున్న దీవులివి. ఆ పూసలన్నిటినీ గుచ్చిన దారమే ‘ఓవర్సీస్ హైవే’. పొడవు 113 మైళ్లు, అంటే సుమారు 180 కిలోమీటర్లు. దారిలో 42 వంతెనలు. ఒకపక్క అట్లాంటిక్, మరోపక్క గల్ఫ్ నీళ్లు. లోతు తక్కువ ఉన్నచోట లేత ఆకుపచ్చ, లోతు పెరిగినచోట ముదురు నీలం.

ఇక్కడ ఊళ్ల అడ్రసులు కూడా చిత్రంగా ఉంటాయి. ‘82వ మైలురాయి దగ్గర, సముద్రం వైపు’ అంటే చాలు. మైలురాళ్ల అంకెలు తగ్గుతూ తగ్గుతూ కీ వెస్ట్‌లో సున్నాకి చేరతాయి. దేశం ఉత్తరపు కొస నుంచి వచ్చిన యూఎస్-1 రహదారి అక్కడితో సమాప్తం. ఆ ఊళ్లోనే హెమింగ్వే ఇల్లు, అందులో ఆరేసి వేళ్ల పిల్లులు. అక్కడికి క్యూబా 90 మైళ్లే అని చెప్పే రంగురంగుల స్తంభం. రోజూ సాయంత్రం మలోరీ స్క్వేర్‌లో సూర్యాస్తమయం చూడటమే ఓ తిరునాళ్ల.

అసలీ దారిని మొదట కార్ల కోసం వేయలేదు. హెన్రీ ఫ్లాగ్లర్ అనే పెద్ద వ్యాపారి సముద్రం మీద రైలు నడపాలనుకున్నాడు. ‘జరిగే పనేనా’ అని నవ్వారంతా. 1912 జనవరిలో ఆయన నిజంగానే కీ వెస్ట్‌కి రైల్లో వచ్చి దిగాడు. ఆ రైలు 23 ఏళ్లే నడిచింది. ఎందుకు ఆగిపోయిందో తెలిస్తే, ఆ సోమవారం రాత్రి అట్లాంటా ఇంట్లో జరిగిన చర్చ ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఆ రైలు ఆలస్యమైంది

1935 సెప్టెంబరు 2. అది కూడా లేబర్ డే సోమవారమే! మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చి, ఉద్యోగాల్లేక అవస్థపడుతున్న మాజీ సైనికులు వందల మంది ఈ దీవుల్లో రోడ్డు వంతెనల పనిలో ఉన్నారు. వాళ్లవి గట్టి ఇళ్లు కావు, గుడారాలూ చెక్క షెడ్లూ. తుపాను వస్తోందని తెలుస్తూనే ఉంది. ‘ఇంకాస్త చూద్దాం’ అనుకున్నారు పై అధికారులు. చివరికి మయామీ నుంచి రైలు పంపమన్నారు. సెలవు రోజు కావడంతో సిబ్బందిని పోగేసేసరికి పొద్దు వాలింది. దారిలో పడవల కోసం తెరిచిన వంతెన దగ్గర కాసేపు ఆగింది. ఇంకోచోట ఇంజిన్‌ని అటు నుంచి ఇటు మార్చారు. మరోచోట తెగి వేలాడుతున్న తీగ అడ్డుపడింది. ఒక్కోటీ చిన్న ఆలస్యమే.

రాత్రి 8 దాటాక రైలు ఇస్లమొరాడా చేరింది. దాదాపు అదే సమయంలో ఉప్పెనా చేరింది. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన నీళ్లు పెట్టెలన్నిటినీ పట్టాల మీంచి ఊడ్చేశాయి. 447 నంబరు ఇంజిన్ ఒక్కటే నిలబడింది. నాలుగొందల మందికి పైగా చనిపోయారు. అమెరికా తీరాన్ని తాకిన తుపాన్లలో ఇప్పటికీ అత్యంత తీవ్రమైనది అదే. రైల్వే మళ్లీ లేవలేదు. దాని వంతెనల మీదే రోడ్డు వేసి 1938లో కార్లకి తెరిచారు. బాహియా హోండా దగ్గర పాత రైలు వంతెన లోపల కార్లకి చోటు చాలక, ఇనుప చట్రం నెత్తిమీదే రోడ్డు వేశారు. వాడకంలో లేని ఆ మొండి వంతెన ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇస్లమొరాడాలో ఆ మృతుల స్మారకం ఉంది. రాతిలో చెక్కిన ఎగసిపడే అలలు, గాలికి వంగిపోయిన కొబ్బరిచెట్లు. దివిసీమలో పుట్టినవాళ్లకి ఆ బొమ్మ ఏం చెబుతుందో ఎవరూ వివరించక్కర్లేదు.

గరాటా ఏం చెబుతుంది?

మనకి రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు తెలుసు. పదో నంబరు అంటే గుండెల్లో రాయి పడుతుంది. అక్కడ గాలి వేగాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా కేటగిరీలు. గంటకి 119 కిలోమీటర్లు దాటితే మొదటిది, 252 దాటితే ఐదోది. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం ఆరు గంటలకోసారి అంచనా ప్రకటిస్తుంది. టీవీలో కనిపించే గరాటా అందులోదే.

చాలామంది పొరబడేది ఇక్కడే. గరాటా తుపాను సైజు కాదు. తుపాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే హద్దు మాత్రమే. మూడింట రెండుసార్లు కేంద్రం దాని లోపల ఉంటుంది. మిగిలిన ఒక్కసారి బయటికీ పోతుంది. గాలి, వాన, ఉప్పెన హద్దు దాటి చాలా దూరం వస్తాయి. ఐదు రోజుల ముందు చెప్పే అంచనాలో వందల కిలోమీటర్ల తేడా రావచ్చు. ‘హరికేన్ వాచ్’ వచ్చేది పెనుగాలులు మొదలవడానికి 48 గంటల ముందు. ‘వార్నింగ్’ అయితే 36 గంటల ముందు. అంటే తుపాను కచ్చితంగా ఎక్కడికొస్తుందో తేలేసరికి, వెళ్లినవాళ్లు వెనక్కి రావడానికి మిగిలే టైము చాలా తక్కువ.

‘‘దారులెన్ని?’’

ఆ రాత్రి ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ‘‘వచ్చేది ఆదివారం నాటికి కదరా. గురువారం రాత్రికే తిరిగొచ్చేద్దాం. ఆ వంతెన ఒక్కటీ చూస్తే చాలు’’ అన్నారు పెద్దాయన. లెక్క తప్పేం కాదు. ‘‘రేపు మళ్లీ చూద్దాం నాన్నా, దారిలో ఉండగా అటు తిరిగితే వెనక్కొచ్చేద్దాం’’ అన్నాడు కొడుకు. ‘‘పిల్లతో 1300 కిలోమీటర్లు వెళ్లాక ఎవరికి వెనక్కి రాబుద్ధేస్తుంది మావయ్యా’’ అంది కోడలు. హోటలు డబ్బు సంగతీ వచ్చింది. తమంతట తాము మానుకుంటే ఒక రాత్రి అద్దె పోతుంది. ప్రభుత్వమే ఖాళీ చేయమంటే మొత్తం తిరిగిస్తారు. మరో రోజు ఆగితే డబ్బు దక్కొచ్చు. కానీ ఆ ఆగేది ఇంట్లోనా, రోడ్డు మీదా?

పెద్దావిడ అంతసేపూ మాట్లాడలేదు. ఆమె పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న ఆమెకి పదిహేడేళ్లు. ఆ రాత్రి దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో, అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. దాని గురించి ఆమె ఇంట్లో ఎప్పుడూ కథలు చెప్పదు. ఒక్కటే అడిగింది.

‘‘ఒరే, ఆ ఊళ్లోంచి బయటికి రావడానికి దారులెన్ని?’’

‘‘ఒక్కటేనమ్మా. ఇవతలి కొసన కీ లార్గో దగ్గర మాత్రం రెండుగా చీలుతుంది. దానికి అవతల అంతా ఒక్కటే.’’

‘‘మరి అక్కడ ఉన్నవాళ్లంతా దాని మీదే రావాలి కదా?’’

‘‘అవును.’’

‘‘అయితే ఆ ఒక్కటీ వాళ్లకి వదిలెయ్యండి.’’

పెద్దాయన లేచి పులిహోర గిన్నె మీద మూత పెట్టారు. చర్చ ముగిసింది.

ఆమెకి తెలియకుండానే ఆమె చెప్పింది ఆ దీవుల చట్టం. తుపాను వస్తే ఇక్కడ మొదట పర్యాటకుల్ని, తర్వాతే స్థానికుల్ని పంపిస్తారు. స్థానికులంతా 24 గంటల్లో బయటపడగలగాలన్నది అప్పట్లో ఫ్లోరిడా చట్టం పెట్టిన షరతు. దాన్ని బట్టే ఈ దీవుల్లో కొత్త ఇళ్లకి అనుమతులిస్తారు. ఊళ్లో ఎందరుండాలో నిర్ణయించేది కూడా ఆ రోడ్డే అన్నమాట!

ఎదురొచ్చిన కార్లు

మంగళవారం పొద్దున పులిహోర డైనింగ్ టేబుల్ మీదే తిన్నారు. ఆ రోజే ఇర్మా ఐదో కేటగిరీకి చేరింది. దీవులు ఖాళీ చేయాలన్న ప్రకటనా వచ్చింది. బుధవారం ఉదయం నుంచి పర్యాటకులు, సాయంత్రం నుంచి స్థానికులు. అనుకున్నట్టు బయల్దేరి ఉంటే, రాత్రి హోటల్లో దిగి తెల్లారి మళ్లీ కారెక్కాల్సి వచ్చేది. హోటలు వాళ్లు ఆ ఒక రాత్రి అద్దె కూడా తిరిగిచ్చేశారు.

తర్వాతి రోజుల్లో ఫ్లోరిడా నుంచి ఉత్తరానికి వచ్చే రహదారుల మీద కార్లు బారులు తీరాయి. బంకుల్లో పెట్రోలు అయిపోయింది. శుక్రవారం రాత్రి మయామీ నుంచి కొడుకు స్నేహితుడి కుటుంబం వాళ్లింటికి చేరింది. మామూలుగా పదిగంటల ప్రయాణం ఇరవై దాటింది. ట్రిప్ కోసం చేసిన జంతికలు, సున్నుండలు వాళ్ల పిల్లలు తిన్నారు. సర్దిన సూట్‌కేసులు విప్పి దుప్పట్లు తీశారు. కీ వెస్ట్ వెళ్లాల్సిన ఇంటికి కీ వెస్ట్ దారే ఎదురొచ్చినట్టయింది.

మొదట మయామీ వైపు చూపించిన తుపాను పడమరకి జరిగింది. మయామీ నుంచి టాంపా వైపు పారిపోయినవాళ్ల వెనకే అదీ వెళ్లింది! సెప్టెంబరు 10 ఉదయం, కీ వెస్ట్‌కి కాస్త ఇవతలున్న కడ్జో కీ దగ్గర నాలుగో కేటగిరీలో తీరం తాకింది. మర్నాడు బలం తగ్గి జార్జియాకీ వచ్చింది. అట్లాంటాకి చరిత్రలోనే మొదటిసారి ట్రాపికల్ స్టార్మ్ హెచ్చరిక జారీ చేశారు. చెట్లు కూలాయి, కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో రెండు కుటుంబాలు కలిసి పప్పన్నం తిన్నాయి.

కీస్‌లోకి మళ్లీ పర్యాటకుల్ని రానిచ్చింది అక్టోబరు 1న. పెద్దాయన విమానం సెప్టెంబరు 17నే వెళ్లిపోయింది.

వెళ్లాలనుకుంటే...

హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. సెప్టెంబరు రెండో వారం దానికి నడినెత్తి. వీలైతే డిసెంబరు, ఏప్రిల్ మధ్య వెళ్లడం మేలు. ఆ కాలంలోనే వెళ్లక తప్పదంటే, రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోవాలి. ప్రయాణ బీమా టికెట్లతో పాటే కొనేయాలి. తుపానుకి పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకి పనిచేయదు. అన్నిటికన్నా ముఖ్యం, వెళ్లే ఊరికి దారులెన్నో చూసుకోవాలి. నాలుగు దారులున్న ఊరికి రెండు రోజులు ఆగి నిర్ణయించుకోవచ్చు. ఒక్క దారున్న ఊరికి ముందే నిర్ణయించుకోవాలి.

ఆరేళ్లకి...

2023 ఫిబ్రవరిలో పెద్దాయన మళ్లీ అట్లాంటా వచ్చారు, ఒక్కరే. మోకాళ్ల నొప్పులతో అంతసేపు విమానంలో కూర్చోలేనని పెద్దావిడ ఆగిపోయింది. ఈసారి టీవీలో ఏ గరాటా లేదు. సెవెన్ మైల్ బ్రిడ్జ్ మొదట్లో కారు ఆపారు. ఇప్పుడు కార్లు తిరిగేది 1982లో కట్టిన వంతెన. పక్కనే ఉన్న ఫ్లాగ్లర్ నాటి పాత వంతెనలో 2.2 మైళ్ల ముక్కని బాగుచేసి 2022 జనవరిలో నడిచేవాళ్ల కోసం తెరిచారు. దాని మీద నడిస్తే పిజియన్ కీ అనే బుల్లి దీవి వస్తుంది. రైలు వంతెన కట్టిన కూలీలు ఉన్నది అక్కడే.

తాతయ్య, తొమ్మిదేళ్లు దాటిన మనవరాలు పొద్దున్నే నడక మొదలెట్టారు. ఆయన స్తంభాలు లెక్కపెట్టడం మొదలెట్టి, అరవై దగ్గర తప్పి, మళ్లీ మొదటికొచ్చారు. కింద నీళ్లలో తాబేలు కనిపిస్తే మనవరాలు కేక పెట్టింది. సగం దారిలో ఆగి ఇంటికి వీడియో కాల్ చేశారు. అక్కడ సాయంత్రం, దీపం పెట్టే వేళ.

ఆయన ఫోను నెమ్మదిగా తిప్పి చూపించారు. ఇటు సముద్రం, అటు సముద్రం, మధ్యలో కొత్త వంతెన మీద చీమల బారులా కార్లు.

‘‘ఆ వంతెన తప్ప ఇంకో దారి లేదా నానమ్మా అని అడిగావు కదా, ఇదే’’ అంది మనవరాలు, నాలుగేళ్లప్పుడు జరిగింది తనకి గుర్తున్నట్టే. ఇంట్లో అన్నిసార్లు విన్న మాట మరి!

పెద్దావిడ చాలాసేపు చూసింది. ‘‘బాగుంది’’ అంది. కాసేపాగి భర్తతో అంది... ‘‘చూసింది చాలు. ఎండెక్కక ముందే వెనక్కి తిరగండి.’’