చక్రాలకు రంగు వేసే ముందు

పాత వాహనానికి రంగు వేయించాలనుకున్నప్పుడు ఎవరి దృష్టి అయినా ముందుగా తలుపుల మీద, బంపరు మీద పడుతుంది. చక్రాలు చివరన గుర్తుకు వస్తాయి. నిజానికి బండి బరువంతా మోసేవి అవే. వాన, బురద, బ్రేకుల పొడి, అన్నింటినీ ముందుగా భరించేవీ అవే. మా మదరసా పికప్ బండి చక్రాలను శుభ్రం చేసి రంగు వేసిన ఆ పది రోజుల్లో మేము చూసినవీ, నేర్చుకున్నవీ పాత బండి మీద ఆధారపడి బతికే కుటుంబాలకు ఉపయోగపడగలవన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాము.

మాది టాటా 207. దాతల సాయంతో సెకండ్‌హ్యాండులో కొన్న బండి. ఏడాది పొడవునా బియ్యం బస్తాలు, కట్టెలు, కూరగాయలు మోస్తుంది. బక్రీద్ మూడు రోజులూ ఖుర్బానీ తోళ్లు సేకరిస్తుంది. తోళ్లు చెడిపోకుండా వాటికి దండిగా ఉప్పు పట్టిస్తారు. ఆ ఉప్పునీరు వెనుక తొట్టి సందుల్లోంచి కారి చక్రాల మీద పడుతుంది. అలసిపోయిన ఆ రోజుల్లో చక్రాలు కడగాలన్న ధ్యాస ఎవరికి ఉంటుంది? మాది బందరు. సముద్రపు గాలి ఆ ఉప్పుకు తోడవుతుంది. ఈ మధ్య సంవత్సరాల్లో తోళ్ల ధర పడిపోయి, వాటి మీద వచ్చే రాబడి నామమాత్రమైంది. తుప్పు మాత్రం తన వాటా తాను తీసుకుంటూనే ఉంది.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ప్రతిసారీ మరమ్మతుల ఖర్చు పెరుగుతుండటంతో బండిని అమ్మివేయాలని కమిటీ నిర్ణయించింది. చక్రాలు మెరిస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని కమిటీలోని పెద్దాయన హాజీ సాబ్ సూచించారు. అస్ర్ నమాజు తర్వాత పై తరగతి విద్యార్థులను తోడు తీసుకొని, మా డ్రైవరు చాచా పర్యవేక్షణలో పని మొదలుపెట్టాము.

ఈ పనిలో రంగు వేయడం చాలా చిన్న భాగం. చక్రం విప్పే ముందు మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. బండి నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మకూడదు. కింద దృఢమైన దుంగ ఉండాలి. బ్రేకుల పొడిని నోటితో గానీ, గాలి గొట్టంతో గానీ ఊదకూడదు. పూర్వపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు ప్రమాదకరం. పిల్లలు ఊదబోతుంటే చాచా కోప్పడి, తడిగుడ్డతో తుడిపించారు. గ్రీజు మరకలను కిరోసినుతో వదలగొట్టి, సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. జిడ్డు మిగిలితే రంగు నిలవదు.

తర్వాత వైరు బ్రష్షు, ఎమెరీ కాగితం. ముందు 80 నంబరు, తర్వాత 180, చివరకు 320. తుప్పు మీదనే రంగు పూసేవారిని చూస్తుంటాము. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటి కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద మిగిలిన తుప్పు తడి తగలగానే మళ్లీ పెరిగి, ఆ రంగును పొరలుపొరలుగా పైకి లేపివేస్తుంది. అందుకే లోహం కనిపించే వరకు రుద్దవలసిందే.

టైర్లను పంచరు షాపులో ఊడదీయించాము. రిమ్ము లోపలి అంచున పొలుసులు కట్టిన తుప్పు చూశాక, నెలకు రెండుసార్లు పంచరు ఎందుకు పడుతున్నదో అర్థమైంది. ఆ పొలుసులు ట్యూబును గీకుతున్నాయి. ట్యూబ్‌లెస్ టైరైతే అదే తుప్పు వల్ల అంచు దగ్గర గాలి కొద్దికొద్దిగా పోతుంది. టైరు ఊడదీయకుండా రంగు వేసేవారు టైరుకూ రిమ్ముకూ మధ్య దళసరి అట్టలు దోపుతారు. ఇళ్లలో పేరుకుపోయే పెళ్లి కార్డులు అందుకు చక్కగా సరిపోతాయి. అయితే మన కార్డుల మీద బిస్మిల్లాహ్, ఖుర్ఆన్ వాక్యాలు ముద్రించి ఉంటాయి కనుక వాటిని ఇలాంటి పనికి వాడకూడదు. ఒక విద్యార్థి ఉత్సాహంగా తెచ్చిన కట్ట మొత్తాన్ని వెనక్కి పంపించాము.

వెనుక ఎడమ చక్రాన్ని రుద్దుతుండగా, నట్ల రంధ్రాల్లో రెండింటి మధ్య వెంట్రుక వంటి గీత కనిపించింది. గీత వెంబడి తుప్పు చార కూడా ఉంది. చాచా చిన్న సుత్తితో తట్టి చూశారు. మిగతా రిమ్ముల్లా ఖంగుమనలేదు. ఆ చోట కిరోసిను పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లమన్నారు. మదరసాలో సుద్దముక్కలకు కొదువేమిటి? పిల్లలు పొడి చేసి చల్లారు. పగుళ్లలో ఇంకిన కిరోసిను మెల్లగా పైకి ఊరి, తెల్లని పొడి మీద తడి గీత స్పష్టంగా తేలింది. వేలెడు పొడవుంది.

వెల్డింగు పనివాడు చూసి, ‘నింపేసి, నున్నగా అరగదీసి, సిల్వరు కొడితే ఎవరికీ తెలియదు’ అన్నాడు. నట్ల దగ్గర పగిలిన రిమ్మును అలా అతికిస్తే, వేడికి పక్కనున్న లోహం బలహీనపడి, బరువు పడినప్పుడు అతుకు పక్కనే మళ్లీ చీలగలదని చాచా వాదించారు. టన్ను బరువుతో, వేగంగా పోయే బండికి చక్రం ఊడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడే ఒక విద్యార్థి మంచి ప్రశ్న వేశాడు: ‘హజ్రత్, ఏ లోపానికీ బాధ్యత లేదన్న షరతుతో అమ్మితే, లోపాలను పేరుపేరునా చెప్పకపోయినా ఆ అమ్మకం చెల్లుతుందని ఖుదూరీలో చదివాము కదా?’ హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ మాట నిజమే. అయితే ఒప్పందం చెల్లుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న. తెలిసిన పగులును రంగుతో కప్పి కొనేవాని కన్నును మోసగించడం పూర్తిగా వేరొక ప్రశ్న. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిని కనుగొన్న ప్రవక్త (స) ఆ వ్యాపారిని ఏమని నిలదీశారో మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

హాజీ సాబ్ అభ్యంతరం అంత తేలికైనది కాదు. ‘మౌలానా సాబ్, ఇది మీ సొమ్మూ కాదు, నా సొమ్మూ కాదు, యతీముల సొమ్ము. దాన్ని తగ్గించే హక్కు మనకెక్కడిది?’ అన్నారు. ఆయన బాధ నిజాయితీతో కూడినదే. ముప్పై ఏళ్లుగా పైసా పైసా లెక్క చూసిన మనిషి. పగిలిన చక్రమున్న బండికి మంచి బండి ధర ఎన్నడూ యతీములది కాలేదని, మనది కానిదాన్ని తగ్గించడమన్న ప్రశ్నే లేదని మేము విన్నవించాము. ఆయన బదులు చెప్పలేదు.

పాత రిమ్ము కోసం చాచాతో కలిసి విజయవాడ ఆటోనగర్ వెళ్లాము. ఒక దుకాణంలో తళతళలాడే రిమ్ము చూపించారు. నట్ల చుట్టూ కొంచెం గీకి చూస్తామంటే ఒప్పుకోలేదు. మరొక చోట తుప్పుతో ఉన్న రిమ్ముకు జేబులోని సుద్దముక్కతో అదే పరీక్ష చేసి, పగులు లేదని తేలాక 1,800 రూపాయలకు కొన్నాము.

అన్నింటికీ రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పలుచగా రెండు పూతలు, ఆరిన తర్వాత సిల్వరు రెండు పూతలు వేయించాము. హబ్బుకు ఆనుకునే భాగానికీ, నట్లు కూర్చునే గుంటలకూ దళసరిగా రంగు పూయకూడదు. బరువుకు ఆ రంగు నలిగి నట్లు వదులవుతాయి. బిగించేటప్పుడు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించాలి. 50, 100 కిలోమీటర్లు తిరిగాక మరొకసారి సరిచూడాలి.

పొరుగూరి కూరగాయల వ్యాపారి బండి కొన్నాడు. చక్రం మార్చిన సంగతి, మిగతా రిమ్ముల్లో తుప్పు తిన్న గుంటలు ప్రైమరు కింద ఉన్న సంగతి, సైలెన్సరు సంగతి, అన్నీ కూర్చోబెట్టి చెప్పాము. అనుకున్న ధరలో 3,000 తగ్గించమన్నాడు, తగ్గించాము. నట్లు మళ్లీ బిగించడానికి వారం తర్వాత రమ్మన్నాము, వచ్చాడు. హాజీ సాబ్ లెక్కల పుస్తకంలో ఆ మూడు వేలకు ఎదురుగా ‘చక్రముల లోపము నిమిత్తము’ అని స్వహస్తంతో రాసుకున్నారు.

పగిలిన రిమ్ము మిగిలింది. పాత ఇనుము కొనేవాడు దాన్ని చూసి, అలాగే ఇస్తే తూకం ధర కంటే 400 ఎక్కువ ఇస్తానన్నాడు. ఆ ఎక్కువ డబ్బు దేనికో అడగనవసరం లేకపోయింది. గ్యాసు కట్టరు తెప్పించి, పగులు మీదుగా రెండు ముక్కలు చేయించి, తూకానికి ఇచ్చాము.