కూలిన మేడలలో ఎవరున్నారు?

2009లో విడుదలైన ‘2012’ అనే హాలీవుడ్ చిత్రాన్ని మా అమ్మీతో కలిసి చూశాను. అప్పుడు నేను ఎం.ఏ. చదువుతున్నాను. లాస్ ఏంజెలిస్ మహానగరం ముక్కలై సముద్రంలోకి ఒరిగిపోతుంటే, ఒక కుటుంబం మొదట కారులో, ఆపైన చిన్న విమానంలో తప్పించుకొనిపోతుంది. హాలంతా ఈలలు, చప్పట్లు. నేనూ చప్పట్లు కొట్టాను.

అమ్మీ మాత్రం మెల్లగా అడిగింది: “ఆ కూలిన మేడలలో ఉన్నవాళ్ళెవరు, బేటా?”

నావద్ద సమాధానం లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో ఆమె తన అక్కను పోగొట్టుకున్నది. వేలాదిమందిని బలిగొన్న ఆ ఉప్పెనను గురించి చెప్పినప్పుడు అమ్మీ ఏనాడూ కెరటం ఎత్తు చెప్పలేదు; అక్క చేతి గాజులను గురించే చెప్పింది.

సాంకేతిక చమత్కారమే దోషమని నేననను. 1975లో వచ్చిన ‘జాస్’ చిత్రం కోసం తయారుచేసిన యాంత్రిక షార్కులు ఉప్పునీటిలో మాటిమాటికీ మొరాయించాయి. అందువల్ల దర్శకుడు స్పీల్‌బర్గ్ షార్కును చాలాసేపు చూపలేకపోయాడు. ఆ లోటును మనుషులతో పూరించాడు. భోజనాల బల్లవద్ద దిగులుగా కూర్చున్న తండ్రి హావభావాలను పసివాడు అనుకరించే దృశ్యంలో ఏ యంత్రమూ లేదు. కాని ఆ తండ్రి సముద్రంలోకి వెళ్ళినప్పుడు మన గుండెలు దడదడలాడడానికి అటువంటి దృశ్యాలే కారణం.

ప్రియ విద్యార్థులారా! రేపు మీరు కథ వ్రాసినా, చిత్రం తీసినా, కెరటాన్ని ఎంత ఎత్తుకైనా లేపండి. అంతకుముందు అందులో మునిగిపోయే మనిషిని మాకు పరిచయం చేయండి. ఆనాటి నా చప్పట్లకు నేను నేటికీ సిగ్గుపడుతున్నాను.