పంచగంగ మెట్ల మీద ప్లవంగ లెక్క

కార్తీకంలో కాశీకి వెళ్తే తెలుగు వినబడని సందు ఉండదు. మానససరోవరం దగ్గర శ్రీరామతారక ఆంధ్రాశ్రమం చుట్టుపక్కలైతే మన రైతుబజారులో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ సందడి వదిలేసి తెల్లవారుతుండగానే ఉత్తరానికి నడక మొదలుపెట్టాను. మణికర్ణిక దాటి, పక్కకు ఒరిగిన రత్నేశ్వరాలయం దాటి, సింధియా ఘాట్, భోంస్లే ఘాట్ మీదుగా పంచగంగకు. గంగ తగ్గుతూ మెట్ల మీద వదిలిపోయిన ఒండ్రును కుర్రాళ్లు పైపులతో కడుగుతున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చింది.

మాది విజయనగరం వైపు. పూసపాటిరేగ మండలంలో కుమిలి అనే ఊరుంది. పూసపాటివారు విజయనగరం కోట కట్టకముందు అక్కడే ఉండేవారు. ఆ ఊళ్లో పుట్టిన శివరాముడనే పిల్లాడు గణపతి సరస్వతి పేరుతో సన్యాసం పుచ్చుకుని, కాశీ చేరి, చివరికి త్రైలింగస్వామి అయ్యాడు. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు. తెలుగు దేశం నుంచి వచ్చాడు కాబట్టి కాశీ జనం తైలంగ స్వామి అన్నారు, అదే నిలబడింది. ఆయన 280 ఏళ్లు బతికాడని చెబుతారు. నేను వెళ్లింది ఆ అంకె సంగతి చూద్దామనే.

పంచగంగలో గంగ ఒక్కటే కంటికి కనబడుతుంది. యమున, సరస్వతి, కిరణ, ధూతపాప కూడా ఇక్కడ కలుస్తాయని నమ్మకం. పైన ఔరంగజేబు నాటి ఆలంగీర్ మసీదు. మెట్ల మీద అహల్యాబాయి కట్టించిన రాతి దీపస్తంభం, ఒళ్లంతా ప్రమిదల గూళ్లతో. నేనక్కడ ఎక్కువసేపు చూసింది మాత్రం వెదురుగడలు. ఒక్కో గడ చివర చిన్న అల్లిక బుట్ట, బుట్టలో దీపం, కిందికి వేలాడే తాడు. సాయంత్రం తాడు లాగితే బుట్ట ఊగుతూ పైకి పోతుంది. మన గుళ్లలో ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపమే. కాకపోతే ఇక్కడ ఒకటి కాదు, వరసలు వరసలు. పొద్దున కాబట్టి బుట్టలన్నీ దించి ఉన్నాయి. ఒకామె కూర్చుని వాటిలో అంటుకున్న నూనె మసిని గుడ్డతో తుడుస్తోంది.

స్వామి మఠం ఘాట్ పైన సందులో ఉంది. వెతుక్కుంటూ పోయేవాడికి తప్ప కంటపడదు. లోపల పెద్ద శివలింగం, స్వామి విగ్రహం. పటాల్లో చూసిన ఆకారమే: బట్ట లేని ఒళ్లు, బానపొట్ట, దేన్నీ పట్టించుకోని చూపు. పరమహంస యోగానంద తన ఆత్మకథలో ఈయన బరువు 300 పౌండ్లు దాటేదని రాశాడు. అంటే 136 కిలోలకు పైమాటే. తిండి మాత్రం ఎప్పుడోగాని ముట్టేవాడు కాదట.

పూజారి ఎక్కడి నుంచి వచ్చావని హిందీలో అడిగాడు. విజయనగరమన్నాను. ఆయనకు తెలియలేదు. కుమిలి అన్నాను. అదీ తెలియలేదు. "స్వామి పుట్టిన ఊరు" అన్నాక తలూపి, "హోలియా" అన్నాడు. ఇటువైపు పుస్తకాల్లో మన కుమిలి అలా మారిపోయింది. ఊరి పేరే ఇంత మారితే పుట్టిన సంవత్సరం మారకుండా ఉంటుందా అని నాకప్పుడే అనుమానం వచ్చింది.

"ఎన్నేళ్లు బతికారు?" అన్నాను.

"రెండువందల ఎనభై." ఆలోచించుకోలేదు, గొంతు పెంచలేదు. ఈ వీధి నంబరెంత అంటే చెప్పినట్టు చెప్పాడు. వాదించాలనిపించలేదు. ప్రసాదం పుచ్చుకుని మెట్ల మీదికొచ్చి కూర్చుని లెక్కేసుకున్నాను.

సంప్రదాయం చెప్పే లెక్క ఇది. 1607లో పుట్టుక, 1737లో కాశీ చేరిక, 1887 డిసెంబరు 26న నిర్యాణం. ఆఖరి తేదీ గట్టిది. ధనుర్మాసపు శుద్ధ ఏకాదశి, అంటే మన ముక్కోటి. మిగతా రెండూ నిజమైతే, విజయనగరం కోటకు 1713లో పునాది వేసేనాటికి స్వామికి 106 ఏళ్లు. అహల్యాబాయి ఇప్పటి విశ్వనాథాలయం కట్టించడం కళ్లారా చూసి ఉండాలి. 1781లో వారన్ హేస్టింగ్స్ మీద తిరగబడి రాజా చేత్‌సింగ్ కోట కిటికీలోంచి దిగి పారిపోయినప్పుడు ఈ ఊళ్లోనే ఉండి ఉండాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరేనాటికి ఆయన వయసు 223.

ఇక్కడ మా మామ్మ సంగతి చెప్పాలి. మామ్మ పుట్టింది రక్తాక్షి సంవత్సరం. నేను పుట్టిందీ రక్తాక్షే. "నీదీ నాదీ ఒకటే సంవచ్చరం రా, ఒకీడోళ్లం" అని నవ్వేది. ఆమెది 1924లో మొదలైన రక్తాక్షి, నాది 1984లో మొదలైనది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే మన అరవై పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. ఎన్నో తిరుగుడో ఎక్కడా రాసి ఉండదు. పుట్టిన ఏడు పేరు మాత్రమే గుర్తున్న మనిషి వయసును అరవై పెంచడానికి అబద్ధం ఆడనక్కర్లేదు. ఒక తిరుగుడు పొరబడితే చాలు.

1607 మన లెక్కలో ప్లవంగ. 1887 నుంచి వెనక్కి వస్తే ప్లవంగలు 1847, 1787, 1727, 1667, 1607. 280లోంచి మూడు అరవైలు తీసేస్తే సరిగ్గా వంద. అంటే 1787 ప్లవంగలో పుట్టి, నూరేళ్లు నిండి పోయిన మనిషి. నూరేళ్ల మనిషి ఏ కాలంలోనైనా అరుదే గాని అసాధ్యం కాదు. రామకృష్ణ పరమహంస 1868లో కాశీ వచ్చి ఈయన్ని చూసేనాటికి 81 ఏళ్లవాడన్నమాట.

ఇది నా ఊహ. రుజువు కాదు. పైగా 1737 నాటి కాశీ చేరిక ఈ తీసివేతకు లొంగదు. మూడు అరవైలు కలిపితే ఆయన పోయిన ముప్పై ఏళ్లకు, 1917లో కాశీ చేరినట్టవుతుంది. ఉత్తరాది పంచాంగాల్లో సంవత్సరాల పేర్లు మనవాటితో కలవవు కూడా. తెలుగువాడి పుట్టిన ఏడును బెంగాలీ శిష్యులు, హిందీ భక్తులు చేతులు మార్చుకుంటూ పోతే ఎక్కడేం జరిగిందో ఎవరు చెప్పగలరు? అయినా, 280 ఏళ్లు బతికాడని నమ్మడం కంటే పేరు మూడుసార్లు తిరిగిందని నమ్మడమే నాకు తేలిక.

అసలు మనిషిని అడిగితే తేలిపోయేది కదా అంటారా? ఆయన మౌని. రామకృష్ణుడు దేవుడు ఒకడా, అనేకమా అని అడిగితే సైగలతోనే జవాబిచ్చాడట: సమాధిలో ఒకడు, బయటికొస్తే అనేకం. వయసు అడిగినట్టు ఆ కథలో లేదు. పరమహంసకు ఆ ఆసక్తి లేదు, స్వామికి అసలే లేదు. ఆయన్ని నడిచే విశ్వనాథుడిగా చూసిన ఊరికి మాత్రం అంకె కావలసివచ్చింది.

ఆ అంకె మోజు కాశీకి ఇంకా తీరలేదు. 2022లో పద్మశ్రీ అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌లో సాష్టాంగపడిన స్వామి శివానంద గుర్తున్నారు కదా. ఆయనదీ ఈ ఊరే. నూనె, మసాలా లేని ఉడికిన తిండి, నేల మీద చాప. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ 1896 ఆగస్టు 8. 2025 మే 3న పోయారు. ఆ లెక్కన 128 ఏళ్లు. కాగితం ఉంది కదా అనొచ్చు. కాని పాస్‌పోర్టు పుట్టినప్పటి కాగితం కాదు, మనం చెప్పింది ఎక్కించుకునే కాగితం. ఫ్రాన్సులో ఆర్ల్ పట్నపు జాన్ కల్మాంకు 122 ఏళ్ల 164 రోజులని లోకం ఒప్పుకున్నదంటే 1875 నాటి జనన రిజిస్టరు, ఆ తర్వాతి జనాభా లెక్కలు ఆమెను అడుగడుగునా పట్టిస్తాయి కాబట్టి. అంతకు మించి బతికినట్టు రుజువైనవారు ఇప్పటికి లేరు.

మామ్మకీ అలాంటి కాగితం ఒకటొచ్చింది. ఆధార్ తీస్తున్నప్పుడు కంప్యూటరు ముందున్న కుర్రాడు పుట్టినతేదీ అడిగాడు. "రక్తాచ్చి, ఆవుకి దూడ పుట్టిన్నాడు" అంది. అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి 1930 జనవరి 1 అని కొట్టేశాడు. తప్పతనిది కాదు, ఆ గడిలో రక్తాక్షి పట్టదు. నేను పక్కనే ఉండి కూడా దిద్దించలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. సంవత్సరం పేరు చెబితే అది ఏ తిరుగుడో తేల్చి, పక్కన ఇంగ్లీషు ఏడు కూడా రాసిపెట్టండి. మామ్మ 2016లో పోయింది. మా లెక్కలో 92. సర్టిఫికెట్‌లో 86.