మసక చేయడం రాని కెమెరా

కొత్త ఫోన్ కొనేముందు మనందరం చేసే పని ఒకటే. రెండు మోడళ్లను పక్కపక్కన పెట్టుకుని, కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత, ర్యామ్ ఎంత అని పోల్చి చూస్తాం. నేనూ అంతే. అయితే నాకు బాగా అక్కరకొచ్చిన ఫోన్ ఈ పోలికల్లో ఎక్కడా నిలబడదు. దాని కెమెరా 3.2 మెగాపిక్సెళ్లు.

మాది రాజంపేట. మా చుట్టుపక్కల కువైట్‌లో మనిషి లేని ఇల్లు వెతకాల్సిందే. మా నాయన కూడా అక్కడ డ్రైవరు. 2009 చివర్లో సెలవు మీద వస్తూ నాకోసం నోకియా 5800 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ తెచ్చాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. 3.2 అంగుళాల టచ్ స్క్రీన్, వెనక కార్ల్ జైస్ లెన్స్, రెండు ఎల్ఈడీల ఫ్లాష్, డబ్బాలోనే 8 జీబీ మెమరీ కార్డు. వీడియో కాల్ కోసం ముందువైపు ఇంకో బుల్లి కెమెరా కూడా ఉండేది. మా సిమ్ముకు 3జీ లేదు కాబట్టి దాంతో పనే పడలేదు.

ఆ టచ్ ఇప్పటి టచ్ లాంటిది కాదు. ఇప్పటి స్క్రీన్లు మన వేలికున్న విద్యుత్ వాహక గుణాన్ని బట్టి పనిచేస్తాయి. దానికి మాత్రం రెండు పల్చటి పొరలుంటాయి, నొక్కితే ఒకదానికొకటి తగలాలి. గోరుతో నొక్కినా, పెన్సిల్ వెనకభాగంతో నొక్కినా పలికేది. మా వైపు నాయనమ్మను జేజి అంటాం, తాతను అబ్బ అంటాం. కలుపు తీసీ తీసీ కాయలు కాసిన మా జేజి వేలు ఇప్పటి ఫోన్ల మీద సరిగ్గా పనిచేయదు. ఆ ఫోన్ మీద మాత్రం భేషుగ్గా పనిచేసేది.

2010 సంక్రాంతికి పులపత్తూరులో జేజి వాళ్లింటికి ఆ ఫోన్ పట్టుకుని వెళ్లాను. రోజంతా మా చిన్నాయన కొడుకు నా వెంటే. కొత్త సైకిల్ మీద కాలేసి ఒకటి, కళ్లద్దాలు పెట్టి ఒకటి తీయించుకున్నాడు. సాయంత్రం జేజి అడిగింది.

"అబ్బోడా, మీ అబ్బను కూడా ఒకటి తియ్ రా. పెళ్లినాటి పొటో తప్ప ఆయనది ఇంకోటి లేదు."

నాకు ఆటకు టైమవుతోంది. "కార్డు నిండిపోయింది జేజీ, ఇంక పట్టదు" అన్నాను. అబద్ధం. ఆ ఫోన్ తీసే ఫొటో ఒక్కోటి సుమారు ఒక ఎంబీ. 8 జీబీలో ఎన్ని వేలు పడతాయో మీరే లెక్కేసుకోండి. జేజికి లెక్కలు రావు. "పోనీలే, మళ్లీసారి తీద్దువు" అంది.

ఆ మళ్లీసారి రాలేదు. 2014లో అబ్బ పోయాడు. పెళ్లి ఫొటోలో ఆయన భాగాన్ని పెద్దది చేయించి, ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించారు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట... ఏటి పక్కనున్న ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వానలు ఎక్కువగా ఉన్నాయని నాలుగు రోజుల ముందే జేజిని రాజంపేటకు తెచ్చుకోబట్టి ఆమె మాకు దక్కింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే మిద్దె లేదు. అది ఉన్న చోట నడుమెత్తు ఇసుక మేట. ఫ్రేమ్ మాట అడిగేదెవరు?

జేజి అడిగింది, సంక్రాంతి దగ్గర పడ్డాక. పండక్కి పెద్దలకు బట్టలు పెట్టాలి. "ఎవురి ముందర పెట్టాల రా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ ఫోన్. అటక మీద పాత పుస్తకాల సంచీలో దొరికింది. పదేళ్లు పక్కన పడేస్తే ఏ బ్యాటరీ అయినా చచ్చిపోతుంది. దానికి వేసే బీఎల్-5జే బ్యాటరీనే తర్వాత వచ్చిన లూమియా 520కి కూడా వేసేవాళ్లు కాబట్టి బజారులో వెతికితే దొరికింది. సన్న పిన్ను ఛార్జరు పక్కింటి వాళ్లిచ్చారు. ఫోన్ వెలిగింది. రెండు చేతులు కలిసే ఆ బొమ్మ వచ్చాక గ్యాలరీ తెరిచాను.

ఆ ఫోన్ ఫొటోకు తేదీనే పేరుగా పెట్టేది. 14012010తో మొదలయ్యేవి పదకొండు ఉన్నాయి. పదకొండింట్లోనూ మా తమ్ముడే. తొమ్మిదోది కొంచెం పెద్దది చేసి చూశాను. సైకిల్ వెనక, అరుగు మీద, తువ్వాలు భుజాన వేసుకుని అబ్బ. కెమెరా వైపే చూస్తున్నాడు. తనను తీస్తున్నానేమో అనుకున్నట్టున్నాడు.

అదే ఫొటో ఇప్పటి ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ పెట్టి తీసుంటే తమ్ముడి మొహం మెరిసిపోయేది, వెనకున్నదంతా మసకైపోయేది. ఎవరు ముఖ్యమో, ఎవరు కాదో ఫోనే తేల్చేస్తుంది. 5800కి ఆ తెలివి లేదు. చిన్న సెన్సరు కాబట్టి దగ్గరున్నదీ దూరంగా ఉన్నదీ దాదాపు ఒకేలా పడతాయి. నేను చూడని మనిషిని కూడా అది చూసింది.

ఫొటో 2048 బై 1536 పిక్సెళ్లు. అందులో అబ్బ మొహం వంద పైచిలుకు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే ఆ మొహం అర అంగుళం కూడా రాదు. పెద్దది చేస్తే పగిలిపోతుందన్నాడు స్టూడియో అతను. మొహాలను బాగుచేసే యాప్ ఒకటి దించుకుని అందులో వేశాను. నిమిషంలో నున్నటి చర్మం, తీర్చిన కనుబొమ్మలతో ఒక పెద్దాయన వచ్చాడు. నుదుటి మీద ఎద్దు కొమ్ము తగిలిన మచ్చ లేదు.

జేజికి చూపించాను. "ఎవురు రా ఈయప్ప?" అంది.

ఇక లాభం లేదని ఫొటో మొత్తం ఉన్నదున్నట్టు 7 అంగుళాల వెడల్పున ప్రింటు తీయించాను. ఆ మాత్రం సైజుకు 3.2 మెగాపిక్సెళ్లు చాలు. పక్కన తమ్ముణ్ణి కత్తిరించి తెస్తానన్నాను. జేజి ఒప్పుకోలేదు. కాయలు కాసిన ఆ వేలితో ప్రింటు మీద ఒక్కొక్కటే తడుముతూ పోయింది. "ఇది అరుగు. ఇది తొట్టి. ఇదిగో నిమ్మచెట్టు. కత్తిరిస్తే ఇవన్నీ యాడికి పోవాల?"

నా తల తిరిగిపోయింది. నేను అబ్బ ఒక్కడి కోసమే వెతికాను. ఆమెకు ఇల్లంతా దొరికింది.

పండగనాడు ఆ ఫొటోను పీట మీద పెట్టి, ముందర కొత్త పంచె పెట్టింది. పూలదండ తీసేసరికి తమ్ముడు లబలబలాడాడు. "జేజీ, నడీమధ్యన నేనుండా. బతికే ఉండా!"

జేజి నవ్వింది. వాన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. దండ పక్కన పెట్టి, చూపుడు వేలికి కుంకుమ అద్దుకుని, ఆ మూల మీద, కందిగింజంత ఉన్న మొహానికి, జాగ్రత్తగా బొట్టు పెట్టింది.

"కార్డులో ఇంకా జాగా ఉంటాదా రా?" అని అడిగింది నన్ను.

"ఉంది జేజీ" అన్నాను. "అప్పుడూ ఉండె."