తేడా సున్నా వచ్చిన లెక్క

మొన్న సెలవుకి నౌపడ వెళ్ళాను. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని కాయితం మీద ఏదో గీకుతుంటే నాన్న వచ్చారు. ఆయన ముప్ఫై ఏళ్ళు ఉప్పు కొఠార్లలో చిట్టా రాసిన మనిషి. అంకెలు కనబడితే ఆగకుండా ఉండలేరు.

"ఏటిరా ఆ లెక్క?"

చెప్పాను. వై² = ఎక్స్³ + ఎక్స్. 7తో భాగిస్తే మిగిలే శేషాలు, అంటే 0 నుంచి 6 వరకే వాడాలి. ఎక్స్ 0 అయితే ఒక జవాబు. 1, 3, 5లకి రెండేసి. 2, 4, 6లకి అసల్లేవు. మొత్తం ఏడు, అనంతం దగ్గరి బిందువుతో ఎనిమిది. అంటే సరిగ్గా 7+1. తేడా సున్నా! అదే 5తో చేస్తే ఆరుకి బదులు నాలుగే వస్తాయి, తేడా 2.

ఈ తేడా వక్రం తాలూకు క్యారెక్టరిస్టిక్ పాలినామియల్లో మధ్య పదంగా కూర్చుంటుంది. 5కి టి² - 2టి + 5. 7కి ఉత్త టి² + 7. ప్రైమ్ 5 గానీ ఆపైన గానీ అయినప్పుడు, ఇలా మధ్య పదం ఎగిరిపోతే ఆ వక్రం సూపర్‌సింగ్యులర్. వీటికి ఎక్కువ డైమెన్షన్ల అన్నలే అబీలియన్ వెరైటీలు. అక్కడా పాలినామియల్ చూసే సూపర్‌సింగ్యులరో కాదో చెప్పేయొచ్చు. రేషనల్ సంఖ్యల మీది ప్రతి ఎలిప్టిక్ వక్రానికీ ఇలాంటి ప్రైములు అనంతంగా ఉంటాయని 1987లో ఎల్కీస్ నిరూపించాడు. సగటున ఎంత తరచుగా వస్తాయో 1996లో ఫూవ్రీతో కలిసి తేల్చింది మన గుంటూరులో పుట్టిన రామ్ మూర్తిగారు.

నాన్న అంతా విని, "ఎప్పుడూ తేడా సున్నా వస్తే, ఆ చిట్టా ఇంకోపాలి చూడాల" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. నిజానికి 1993లో మెనెజెస్, ఒకమోటో, వాన్‌స్టోన్ చూపించింది అదే. పాయింట్ల సంఖ్య పి+1 అయితే అది పి²-1ని భాగిస్తుంది. దాంతో వక్రం మీది కష్టమైన లెక్కని మామూలు ఫీల్డులోకి లాగి, తేలిక పద్ధతులతో చేసుకోవచ్చు. ఆ దెబ్బతో ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోలో వీటిని పక్కన పెట్టారు. 2011లో జావో, డి ఫియో వేరే దారిలో, ఒక వక్రం నుంచి ఇంకో వక్రానికి వెళ్ళే మ్యాపులని రహస్యంగా పెట్టి, మళ్ళీ తీసుకొచ్చారు. అదే సైక్‌కి మూలం.

ఇక్కడే నా కథ. 2022లో మా టీములో సైక్ వాడి చూద్దామన్నది నేనే. రివ్యూలో ఒక జూనియర్ అమ్మాయి అడిగింది: "రహస్య మ్యాపు కొన్ని పాయింట్లని ఎక్కడికి పంపిందో కూడా పబ్లిక్‌గా ఎందుకిస్తున్నాం సార్?" నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పకుండా, "పదేళ్ళుగా పెద్దపెద్దవాళ్ళు చూస్తున్నారు, నువ్వు కోడ్ చూడు" అన్నాను. ఆ జులై మొదట్లో నిస్ట్ దాన్ని నాలుగో రౌండుకి పంపింది. నెలాఖరుకి కాస్ట్రిక్, డెక్రూ విరగ్గొట్టారు, ఒకే కోర్ మీద సుమారు గంటలో! రెండు డైమెన్షన్ల అబీలియన్ వెరైటీల గురించి కాని 1997లో రాసిన సిద్ధాంతమే ఆయుధం. కన్నం ఎక్కడ? సరిగ్గా ఆ పాయింట్ల దగ్గరే.

కాబట్టి నాన్న మాట సగమే నిజం. ఈసారి తప్పు సున్నాది కాదు, అడక్కుండానే చెప్పేసిన అదనపు సమాచారానిది. అవే వక్రాలు స్క్విసైన్‌లో ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి. పైగా విరగ్గొట్టిన ఆయుధాన్నే దాని వేగం పెంచడానికి వాడుకున్నారు.

అప్పట్లో సైక్ తీసేస్తూ మెయిల్ పెట్టాను, ఆ అమ్మాయి ప్రశ్న గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడామె వేరే కంపెనీలో ఉంది. నాన్న లోపలికెళ్ళాక ఫోన్ తీసి, "ఆ రోజు నువ్వడిగిందే సరైన ప్రశ్న. నాకు తెలీక కసిరాను" అని రాశాను.

గుణుపురం బండి కూత వేసుకుంటూ పోయింది. ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా అడగను.