మురిగిపోయిన ఓటు

మా పుట్టిల్లు కాంగ్రెస్, అత్తిల్లు తెలుగుదేశం. 2009లో నేను మాత్రం రైలింజనుకి నొక్కి వచ్చాను. "మురిగిపోయే ఓటు" అని మావయ్యగారు ముందే అన్నారు. గెలుస్తారనుకుని వేశానా? రెండిళ్ళ మాటా కాకుండా ఒక్కసారి నా మాట చెప్పాలనిపించింది. (చిరంజీవి అభిమానం కూడా, దాచడమెందుకు!)

నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు, ప్రజారాజ్యానికి దాదాపు 16 శాతం ఓట్లొచ్చాయి. సీట్లు మాత్రం 294లో 18. ఓట్లు అన్నిచోట్లా పల్చగా పరుచుకుంటే అంతే మరి, ఎక్కడికక్కడ ముందున్నవాళ్ళదే గెలుపు. ఆయన కూడా తిరుపతిలో గెలిచి, సొంత జిల్లా పాలకొల్లులో ఓడిపోయారు.

2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. "చివరికి నీ ఓటు పుట్టింటికే చేరిందిగా" అని మావారు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. నవ్వేస్తాను గానీ, ఎవరూ చెప్పకుండా నేను వేసిన మొదటి ఓటు అదే.

అత్తయ్యగారు ఆ రోజు దేనికి నొక్కారో ఇంతవరకూ చెప్పలేదు.